తనంతట తాను మూసుకునే తలుపు

లండన్‌కో లెస్టర్‌కో చదువుకోవడానికి వెళ్ళి అద్దెగది వెతుక్కునే మన పిల్లలు ముందుగా అడిగేది అద్దె ఎంత, స్టేషన్ ఎంత దూరం, కరెంటు, గ్యాసు బిల్లులు అందులోనే కలిశాయా అని. గది చూడ్డానికి వెళ్ళాక కూడా కళ్ళు పరుపు మీదికి, కిటికీ మీదికి, గోడమీది చెమ్మ మరకల మీదికి పోతాయి. తోసుకుని లోపలికొచ్చిన తలుపును ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే ఆ గదిలో అన్నిటికంటే పనితనం ఉన్న వస్తువు ఆ తలుపే. దానికి చెక్కడపు పని ఉండదు, ఇత్తడి బొడిపెలు ఉండవు. తెల్లరంగు పూసిన ఒట్టి చదును పలక. కాకపోతే దాని అంచులు, బందులు, పైన బిగించిన ఇనుప పెట్టె ఒక్కొక్కటీ దగ్గరికెళ్ళి చూస్తే, ఇంత ఆలోచించి చేసిన వస్తువును ఇన్నాళ్ళూ కాలితో తన్ని తెరుస్తున్నామా అనిపిస్తుంది.

దీన్ని ఫైర్ డోర్ అంటారు. ఇంగ్లండ్‌లో గదులవారీగా అద్దెకిచ్చే ఇళ్ళలో ఇది కనిపించాలి. ఎందుకు కనిపించాలో తెలియాలంటే ముందు ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. విద్యార్థులకు దొరికే ఇళ్ళలో చాలావరకు విక్టోరియా రాణి కాలంనాటివో, ఆ తర్వాత కొద్దికాలానికి కట్టినవో. గోడకు గోడ ఆనుకుని వీధి పొడుగునా బారుగా ఉంటాయి. వీధి తలుపు తీస్తే ఇరుకైన నడవా, ఆ నడవాలోంచే పైకి ఒకే ఒక చెక్కమెట్ల వరుస, వెనకాల వంటగది. ఒక్క కుటుంబం ఉండటానికి కట్టిన ఇల్లది. ఇప్పుడు కింది హాలు ఒకరికి, పైన మూడు గదులు ముగ్గురికి, అటకను గదిగా మార్చి ఇంకొకరికి ఇస్తారు. పక్కగదిలో ఉన్నవాడి పేరు తెలియకుండానే ఏడాది గడిపేసేవాళ్ళున్నారు. ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు, ఆపైన వంటగదో స్నానాలగదో పంచుకుంటూ ఉంటే దాన్ని హెచ్‌ఎంఓ అంటారు. ఐదుగురు, ఆపైన ఉంటే స్థానిక కౌన్సిల్ నుంచి ఓనరు లైసెన్స్ తీసుకోవాల్సిందే. 2018 అక్టోబర్ నుంచి ఇల్లు ఎన్ని అంతస్తులదైనా ఇదే నియమం.

అర్ధరాత్రి ఆ వంటగదిలో మంట లేచిందనుకోండి. అటకగదిలో నిద్రపోతున్నవాడికి బయటపడే దారి ఆ చెక్కమెట్లే. వంటగది తలుపు తెరిచి ఉంటే పొగ ముందుగా పట్టుకునేదీ ఆ మెట్లనే. మంట వచ్చి తాకేలోపే పొగ మనిషిని పడగొడుతుంది. అందుకని ఫైర్ డోర్‌కు అప్పగించిన పని ఒక్కటే, మెట్లదారిని అరగంటపాటు కాపాడటం. మంటను ఆర్పమని దాన్ని ఎవరూ అడగలేదు. లోపలివాళ్ళు లేచి, మెట్లు దిగి, వీధిలో నిలబడి 999కు ఫోన్ చేసేదాకా అది నిలబడితే చాలు.

ఈ ఇళ్ళలో వాడే రకానికి గుర్తు ఎఫ్‌డీ30ఎస్. 30 అంటే 30 నిమిషాలు. ఇది అమ్మేవాడు నోటిమాటగా చెప్పే అంకె అనుకోకండి. తలుపు రెక్కను, చట్రాన్ని, బందుల్ని, తాళాన్ని కలిపి ఒక గోడలో బిగించి, ఒక పక్కన కొలిమి వెలిగించి పరీక్షిస్తారు. కొలిమి వేడి ఎలా పెరగాలో కూడా ముందే నిర్ణయించి ఉంటుంది. 5వ నిమిషానికి 576 డిగ్రీల సెల్సియస్, 30వ నిమిషానికి 842. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగి కారిపోతుంది. అలాంటి వేడికి చెక్క ఎదురు నిలుస్తుందంటే మొదట నమ్మబుద్ధి కాదు. కిటుకు చెక్క కాలే తీరులోనే ఉంది. కాలిన పైపొర బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొర తన వెనకున్న చెక్కకు వేడిని తొందరగా చేరనివ్వదు. అందువల్ల మందమైన చెక్క భగ్గుమని ఒక్కసారిగా పోదు, నిమిషానికి 0.65 నుంచి 0.8 మిల్లీమీటర్ల చొప్పున తరుగుతుంది. అరగంటకు 20 నుంచి 24 మిల్లీమీటర్లు. ఎఫ్‌డీ30 తలుపు మందం సాధారణంగా 44 మిల్లీమీటర్లు. తీసివేత మీరే చేసుకోండి.

అక్కడి ఇళ్ళలో మామూలు లోపలి తలుపు మందం 35 మిల్లీమీటర్లు, చాలావాటిలో లోపలంతా అట్టగూళ్ళే. వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది. ఫైర్ డోర్‌ను తట్టితే వేలు నొప్పి పుడుతుంది. నొక్కిన చెక్కపొట్టు పలకో, అవిసె కాడల పలకో, అసలు కలపో నిండుగా నింపి ఉంటుంది కాబట్టి తెరవడానికి కాస్త భుజబలం కూడా కావాలి. అసలైనదో కాదో తెలిపే గుర్తు రెక్క పై అంచున అతికించిన చీటీగా గానీ, బందుల వైపు అంచులో దించిన చిన్న రంగుల ప్లాస్టిక్ బిళ్ళగా గానీ ఉంటుంది. కుర్చీ ఎక్కి చూడాల్సివచ్చినా చూడండి.

రెక్క ఎంత దిట్టమైనదైనా దాని చుట్టూ సందు ఉండక తప్పదు, లేకపోతే తలుపు తెరుచుకోదు. మంట వెతికేదీ ఆ సందునే. ఈ చిక్కుకు కనిపెట్టిన విరుగుడు నాకు ఈ తలుపు మొత్తంలో అన్నిటికంటే నచ్చిన భాగం. రెక్క అంచునో, చట్రంలోనో మూడు వైపులా సన్నటి గాడి తీసి, అందులో వేలెడు వెడల్పు కూడా లేని ఒక పట్టీ దించుతారు. తెల్లగానో గోధుమరంగులోనో ఉండే ఆ పట్టీని చూసి చాలామంది అలంకారం అనుకుంటారు. లోపల ఉన్నది చాలా రకాల్లో గ్రాఫైట్, పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే. దాని పొరల మధ్య రసాయనాలు చొప్పించి ఉంచుతారు. వేడి 200 డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే ఆ పొరలు ఒకదాన్నొకటి నెట్టుకుని, నూనెలో పడ్డ అప్పడంలా పట్టీ ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. సందు పూడిపోతుంది, రెక్క చట్రంలో బిగుసుకుపోతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. ఇరవై ఏళ్ళు ఏ పనీ లేకుండా కూర్చుని, అవసరం వచ్చిన రోజున మంట వేడినే వాడుకుని పనిచేస్తుంది.

అయితే ఒక లోటుంది. మంట మొదలైన తొలి నిమిషాల్లో తలుపు దగ్గరికి చేరే పొగ 200 డిగ్రీల వేడితో ఉండదు. ఆ చల్లని పొగ సందులోంచి నిక్షేపంగా పారుతుంటే పట్టీ కదలదు, మెదలదు. మనుషులు చనిపోయేది ఎక్కువగా ఆ పొగకే. అందుకని అదే పట్టీ నడుమ సన్నని కుచ్చు వెంట్రుకలో, మెత్తని రబ్బరు రెక్కో ఉంచారు. తలుపు మూసి ఉన్నప్పుడు అది చట్రాన్ని ఒరుసుకుంటూ చల్లని పొగను ఆపుతుంది. గుర్తు చివరన ఉన్న ‘ఎస్’ దీని కోసమే. ముందు కుచ్చు, వేడెక్కాక గ్రాఫైట్. ఒకటి చేయలేని చోట రెండోది అందుకుంటుంది. ఇంత తెలివైన ఏర్పాటును పాడుచేసే మహానుభావులు రంగులు వేసేవాళ్ళు. ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా తలుపుకు రంగు కొడుతూ కుచ్చు మీద కూడా బ్రష్షు ఈడ్చేస్తారు. ఆరాక అది గట్టిపడి పుల్లలుపుల్లలుగా నిలబడుతుంది, పొగను ఆపలేదు. గది చూడ్డానికి వెళ్ళినప్పుడు అంచున వేలు రాస్తే చాలు, మెత్తగా ఉందో లేదో తెలుస్తుంది.

సందు కొలతలోనూ పనితనం ఉంది. మరీ ఎక్కువైతే ఉబ్బిన పట్టీ కూడా పూడ్చలేదు, మరీ తక్కువైతే చలికాలపు తేమకు రెక్క పట్టేసుకుంటుంది. రెక్కకూ చట్రానికీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలని లెక్క. దీన్ని కొలవడానికి జేబులో ఉండే పౌండు నాణెం చాలు. ఇప్పుడు చెలామణీలో ఉన్న పన్నెండు పలకల పౌండు మందం 2.8 మిల్లీమీటర్లు. మూసిన తలుపు సందులో నాణెం అంచు అలవోకగా దూరి, పక్కన ఇంకా బోలెడు చోటు మిగిలితే ఆ తలుపు బిగించినవాడు సరైన వడ్రంగి కాడు.

అన్నట్టు ఈ తలుపు గొప్పతనంలో సగం బిగించేవాడిదే. పాత ఇళ్ళలో ఒక్క ద్వారబంధం కూడా నూటికి నూరుపాళ్ళు మట్టానికి ఉండదు. రెక్క పట్టకపోతే మన వడ్రంగి చిత్రిక తీసుకుని నాలుగు దఫాలు లాగేస్తాడు. ఇక్కడ అలా కుదరదు. అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు తీయవచ్చో తయారుచేసినవాడు రాసిచ్చిన కాగితం ఉంటుంది, అది దాటితే పరీక్షలో వచ్చిన 30 నిమిషాల హామీ పోయినట్టే. చట్రానికీ గోడకూ మధ్య ఖాళీని దొరికిన నురగతో నింపి, పైన చెక్కపట్టీ కొట్టి కప్పేసే మేస్త్రీలు అక్కడా ఉన్నారు. పద్ధతి తెలిసినవాడు రాతి ఉన్నిని కూరి, నిప్పుకు ఆగే లప్పంతో మూస్తాడు. చెక్కపట్టీ కింద ఏముందో అద్దెకు వచ్చేవాడికి ఎప్పటికీ కనబడదు, అయినా ఆ పని అక్కడ చక్కగా చేసి ఉంటుంది. ఎవరూ చూడని చోట కూడా ఒళ్ళు దాచుకోని పనివాడంటే నాకు గౌరవం.

బందులు మూడు. రెండు చాలవా అంటే, ఒకవైపు మంట, ఒకవైపు చల్లని నడవా ఉన్నప్పుడు రెక్క విల్లులా వంగాలని చూస్తుంది. మూడోది దాన్ని పట్టి ఉంచుతుంది. బందులు సాధారణంగా ఉక్కువి, ప్రతి రంధ్రంలోనూ స్క్రూ ఉండాలి. తాళం దగ్గర చూడాల్సింది లోపలివైపు. తాళంచెవి పెట్టే రంధ్రం కాకుండా చేత్తో తిప్పే బొత్తాం ఉండాలి. పొగలో, చీకట్లో, నిద్రకళ్ళతో తాళంచెవి ఎక్కడ పెట్టామో వెతుక్కునే పరిస్థితి రాకూడదని. వీధి తలుపుకూ ఇదే నియమం వర్తిస్తుంది. గది తలుపుకు బయట గొళ్ళెం వేసి కప్పతాళం తగిలించిన ఇల్లు కనబడితే అక్కణ్ణుంచే వెనక్కి తిరగండి. లోపల మీరుండగా బయటినుంచి ఎవరైనా తాళం వేయగల గది అది.

ఇక పైన ఉన్న ఇనుప పెట్టె. డోర్ క్లోజర్ అంటే మన ఆఫీసుల్లోనూ ఉంటుంది, కానీ దాని లోపల ఏముందో చూసినవాళ్ళు తక్కువ. ఒక బలమైన స్ప్రింగు, నూనెలో మునిగిన ఒక ముషలకం. మనం తలుపు తోసినప్పుడు మన చేతిబలమే స్ప్రింగులో నిలవ అవుతుంది. వదిలేయగానే స్ప్రింగు విప్పుకుని ముషలకాన్ని నెడుతుంది, నూనె సన్నని దారుల్లోంచి పారాల్సి రావడంతో తలుపు దబాలున పడకుండా నెమ్మదిగా వస్తుంది. ఆ దారుల్ని వెడల్పు చేసేందుకు, ఇరుకు చేసేందుకు పెట్టె పక్కన చిన్న స్క్రూలుంటాయి. ఒకటి తలుపు మొదట వచ్చే వేగానికి. ఇంకొకటి చివరి జానెడు దూరానికి, అంటే కుచ్చు రాపిడిని గెలిచి లాచ్ టక్కుమని పడేంత ఊపు ఇవ్వడానికి. ఈ రెండోదాన్ని సరిచేయడం సున్నితమైన పని. ఎక్కువైతే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు, తక్కువైతే తలుపు మూసుకున్నట్టే ఉండి లాచ్ పడదు. లాచ్ పడని ఫైర్ డోర్ మంట ఒత్తిడికి తెరుచుకుంటుంది.

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మంట భవనాన్ని చుట్టేయడానికి ప్రధాన కారణం బయటి గోడలకు తొడిగిన పలకలు. కానీ లోపల పొగ ఫ్లాట్లలోంచి వరండాల్లోకి, మెట్లమీదికి రావడంలో తలుపుల పాత్రను విచారణ సంఘం విడిగా ఎత్తి చూపింది. కొన్నింటికి క్లోజర్లు లేవు, కొన్నింటికి పాడైపోయాయి. ఇంట్లోవాళ్ళు ప్రాణభయంతో పరుగెత్తినప్పుడు వెనక తలుపు తెరిచే ఉండిపోయింది. ఆ భవనంలోని తలుపు ఒకదాన్ని తర్వాత పోలీసులు పరీక్ష చేయిస్తే 30 నిమిషాలకు బదులు 15 నిమిషాలే నిలిచింది. 2023 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో 11 మీటర్లకు పైబడిన నివాస భవనాల్లో ఉమ్మడి దారుల ఫైర్ డోర్లను 3 నెలలకోసారి, ఫ్లాట్ల ముఖద్వారాలను ఏడాదికోసారి చూడాలన్న నియమం అమల్లోకి వచ్చింది. చూడాల్సిన వాటిలో క్లోజర్ పనిచేస్తుందా అన్నది మొదటి వరుసలో ఉంటుంది.

ఇంత పనితనాన్నీ ఒక చెక్కముక్క వమ్ము చేస్తుంది. తలుపు బరువుగా ఉందని, చేతిలో గిన్నెలున్నాయని, తలుపు కింద చీలిక దోపేస్తారు. మనవాళ్ళయితే బూటో బియ్యం బస్తానో అడ్డం పెడతారు. దీని వెనక మన పోపు కథ ఒకటుంది. వంటగదిలో ఉండాల్సింది వేడికి మోగే అలారం, అది ఆవాలు చిటపటలాడినందుకు, ఎండుమిరప మాడినందుకు మోగదు. పొగకు మోగేది నడవాలో ఉంటుంది. వంటగది తలుపు మూసి, కిటికీ తీసి, ఫ్యాన్ వేసుకుంటే ఏ గొడవా లేదు. ఘాటుకు తట్టుకోలేక తలుపు బార్లా తీస్తారు. పొగ నడవాలోకి పోతుంది, అలారం ఇల్లెగరగొడుతుంది, మర్నాడు దానికి ఒక పాలిథిన్ సంచి తొడుగుతారు. ఒక్క పోపుతో తలుపూ పోయింది, అలారమూ పోయింది. తలుపు తెరిచే ఉంచాల్సిన అవసరం నిజంగా ఉంటే దానికీ పరికరం ఉంది. తలుపు అడుగున బిగించే డోర్‌గార్డ్ లాంటివి అలారం మోత విని పట్టు వదిలేస్తాయి, తలుపు మూసుకుంటుంది. ఓనరును అడగండి.

రాత్రుళ్ళు డెలివరీ పనికి వెళ్ళే పిల్లలకు ఇంకొక మాట. 2023 మార్చిలో తూర్పు లండన్ షాడ్‌వెల్‌లో, లెక్కకు మించి మనుషుల్ని కుక్కిన రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఈ-బైక్ బ్యాటరీ అంటుకుని బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒకతను చనిపోయాడు. బ్యాటరీని నడవాలో, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టడమంటే తలుపులు కాపాడుతున్న దారిలోనే నిప్పు పెట్టడం.

అన్ని అద్దె ఇళ్ళకూ ఈ తలుపు తప్పనిసరి అని కూడా అనుకోవద్దు. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి తీసుకున్న రెండంతస్తుల చిన్న ఇంటికి, గట్టిగా ఉండి సరిగ్గా మూసుకునే మామూలు తలుపులు చాలని మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. విడివిడిగా తాళాలున్న గదులు, మూడంతస్తులు, అపరిచితులు అయినప్పుడు లెక్క మారుతుంది. ఇవన్నీ ఇంగ్లండ్ నియమాలు. స్కాట్లండ్, వేల్స్ దారి కొంత వేరు.

నేను తలుపును ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం, ఓనరు ఎలాంటివాడో అది చెప్పేస్తుంది. సరైన తలుపు ఖరీదైనది, బిగింపుకు నేర్పరి కావాలి, కిరాయికి వచ్చేవాడు దాన్ని చూసి ఒక్క పౌండు కూడా ఎక్కువివ్వడు. అయినా పెట్టాడంటే మిగతా కాగితాలూ సరిగ్గా ఉండే అవకాశం ఎక్కువ. అలాగని కాగితాలు అడగడం మానకండి. గ్యాస్ పరికరాల తనిఖీ ఏడాదికోసారి, కరెంటు వైరింగు తనిఖీ ఐదేళ్ళకోసారి జరిగినట్టు పత్రాలు ఉండాలి. ప్రతి అంతస్తులో పొగ అలారం, గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. డిపాజిట్ మామూలుగా 5 వారాల అద్దెను మించకూడదు, దాన్ని ప్రభుత్వం ఆమోదించిన పథకంలో 30 రోజుల్లోగా జమ చేసి మీకు వివరాలివ్వాలి. ఇల్లు కళ్ళతో చూడకుండా, మీ తరఫున నమ్మకమైనవాళ్ళు వెళ్ళి చూడకుండా డబ్బు పంపకండి. ఎన్ని ఫొటోలు పంపినా సరే.

లైసెన్స్ ఉందో లేదో కౌన్సిల్ రిజిస్టరులో ఎవరైనా చూడవచ్చు. మనవాళ్ళు బాగా ఉండే ఈస్ట్‌హామ్ న్యూహామ్ కౌన్సిల్ కిందికి వస్తుంది. 2013లో ఇంగ్లండ్‌లో మొట్టమొదటిసారిగా తన పరిధిలోని ప్రైవేటు అద్దె ఇళ్ళన్నిటికీ లైసెన్స్ పెట్టిన కౌన్సిల్ అదే.

మీ అబ్బాయో అమ్మాయో అక్కడి గదిని వీడియోలో చూపిస్తున్నప్పుడు, ఒక్కసారి తలుపును సగం తెరిచి చెయ్యి వదిలేయమనండి. అది ఫైర్ డోర్ అయ్యుండి, లాచ్ పడేదాకా దానంతటది మూసుకోకపోతే ఓనరుకు ఆ రోజే ఈమెయిల్ పెట్టమనండి, బాగుచేయకపోతే కౌన్సిల్‌కు రాయమనండి. కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడానికి పైసా ఖర్చు లేదు.